మిలిటరీలో చేరతానంటే, ఏ మిలిటరీలో?

మన ఊళ్లలో మాట ఒక్కటే, మిలిటరీ. సీఆర్‌పీఎఫ్‌లో కానిస్టేబుల్‌గా చేసే ఆయన మిలిటరీయే, ఓడలో ఇంజన్ రూమ్‌లో పనిచేసే ఆయనా మిలిటరీయే, బీఎస్ఎఫ్ నుంచి సెలవు మీద వచ్చిన ఆయన ఇంటికి కూడా "మిలిటరీ ఆయన ఇల్లు" అనే గుర్తు. కబుర్లకి ఇది చాలు. కానీ ఇంటర్ అయిపోయిన కుర్రాడు ఫారం నింపడానికి కూర్చున్న రోజున ఆ ఒక్క మాట వెనక ఎన్ని రకాల ఉద్యోగాలు, ఎన్ని రకాల పరీక్షలు, ఎన్ని రకాల జీతాలు ఉన్నాయో ఒక్కసారిగా మీద పడి బుర్ర తిరుగుతుంది.

ఇప్పుడు ఈ గోల మళ్లీ ఎక్కువవడానికి ఒక కారణం ఉంది. అగ్నిపథ్ (జవాన్లని "అగ్నివీర్" పేరుతో నాలుగేళ్లకే తీసుకునే పథకం) కింద మొదటి బ్యాచ్‌లు 2022 చివర్లో, 2023 మొదట్లో శిక్షణకి వెళ్లాయి. అంటే వాళ్ల నాలుగేళ్లు 2026 చివరి నుంచి నిండుతాయి. నాలుగింట మూడు వంతుల మంది ఇంటికొస్తారు కాబట్టి, "అసలు వెళ్లడం మంచిదేనా, వెళితే ఆర్మీయా, నేవీయా, ఎయిర్ ఫోర్సా" అనే చర్చ ప్రతి ఇంట్లో మొదలవుతోంది.

నాకు అర్థమైనంతలో ఆ ప్రశ్ననే చాలామంది తలకిందులుగా అడుగుతున్నారు. ఏ దళం అన్నది మూడో ప్రశ్న. దానికంటే ముందు ఏ తలుపులోంచి లోపలికి వెళ్తున్నాం అనేది ఒకటి (నాలుగేళ్ల అగ్నివీరా, ఆఫీసరా), లోపల ఏ పని ఇస్తారు అనేది రెండు. ఈ రెండూ తేలాక యూనిఫాం రంగు మీద తేల్చుకోవాల్సింది అనుకున్నంత మిగలదు.

రక్షణ శాఖ వాళ్లెవరు, హోం శాఖ వాళ్లెవరు

ముందు ఈ చిక్కు విప్పుకుందాం. ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్ రక్షణ శాఖ కింద ఉంటాయి. త్రివిధ దళాలంటే ఇవే. సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్, ఐటీబీపీ, ఎస్ఎస్‌బీ ఇవన్నీ హోం శాఖ కింద పనిచేసే కేంద్ర సాయుధ పోలీసు బలగాలు. తుపాకీ ఉంటుంది, యూనిఫాం ఉంటుంది, సరిహద్దులో కాపలా కూడా ఉంటుంది, అయినా చట్టం దృష్టిలో వాళ్లు సైన్యం కాదు. అస్సాం రైఫిల్స్ మాత్రం మధ్యలో ఉంటుంది, పాలన హోం శాఖది, రంగంలోకి దిగితే ఆజ్ఞలు ఆర్మీవి.

పేర్లు కూడా కావాలని తికమక పెట్టినట్టే ఉంటాయి. "జీడీ రాస్తున్నా" అని ఇద్దరు కుర్రాళ్లు అంటే, ఒకడు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే కానిస్టేబుల్ జీడీ రాస్తూ ఉండొచ్చు, ఇంకొకడు ఆర్మీలో అగ్నివీర్ జనరల్ డ్యూటీకి తయారవుతూ ఉండొచ్చు. మొదటి దానిలో నెగ్గితే సాధారణంగా 60 ఏళ్ల దాకా ఉద్యోగం, రెండో దానిలో నెగ్గితే నాలుగేళ్లు. అలాగే ఎస్ఎస్‌బీ అంటే సశస్త్ర సీమా బల్ అనే బలగం, ఆఫీసర్లని ఎంపిక చేసే ఐదు రోజుల ఇంటర్వ్యూ కూడా ఎస్ఎస్‌బీయే. రెండింటికీ సంబంధం లేదు.

పెన్షన్ విషయంలోనూ తేడా ఉంది. త్రివిధ దళాల్లో రెగ్యులర్ వాళ్లకి పాత పెన్షన్ నడుస్తోంది. కేంద్ర బలగాల్లో 2004 నుంచి చేరినవాళ్లని ప్రభుత్వం కొత్త పెన్షన్ విధానంలోకి తెచ్చింది, దానిమీద కోర్టుల్లో కేసులూ నడిచాయి.

ఇక ఎవరూ పట్టించుకోని నాలుగోది ఒకటుంది, కోస్ట్ గార్డ్. 1977లో మొదలైంది, రక్షణ శాఖ కిందే ఉంటుంది, స్మగ్లింగ్‌ని పట్టుకోవడం, సముద్రంలో చిక్కుకున్న మత్స్యకారుల్ని ఒడ్డుకి చేర్చడం లాంటివి దాని పని. అగ్నిపథ్ దీనికి వర్తించదు. నావిక్ (నావికుడు), యాంత్రిక్ (టెక్నీషియన్) పోస్టులకి నేరుగా రెగ్యులర్‌గానే తీసుకుంటారు. సముద్రం అంటే ఇష్టం ఉండి నాలుగేళ్ల లెక్క అంటే భయపడే కుర్రాళ్లకి ఈ సంగతి చెప్పేవాళ్లే ఉండరు ఎందుకో.

ఏ తలుపు: నాలుగేళ్లదా, ఆఫీసర్‌దా

త్రివిధ దళాల్లోకి ఇప్పుడు సామాన్యంగా రెండు దారులు. జవాను స్థాయిలో వెళ్లాలంటే మూడు దళాల్లోనూ అగ్నివీర్‌గానే వెళ్లాలి. 2022 జూన్ 14న ఈ పథకాన్ని ప్రకటించినప్పుడు వయసు 17½ నుంచి 21 ఏళ్లు అన్నారు, ఆ ఒక్క ఏడాదికి 23 దాకా సడలించారు. చేరేటప్పటికి పెళ్లి కాకుండా ఉండాలి. ఆర్మీ జనరల్ డ్యూటీకి టెన్త్ చాలు, టెక్నికల్‌కి ఇంటర్ ఎంపీసీ కావాలి, క్లర్క్‌కి ఏ గ్రూపైనా 60 శాతం కావాలి. నేవీలో టెన్త్‌తో వెళ్లేది ఎంఆర్ (మెట్రిక్ రిక్రూట్), మ్యాథ్స్ ఫిజిక్స్ ఉన్న ఇంటర్‌తో వెళ్లేది ఎస్ఎస్ఆర్ (సీనియర్ సెకండరీ రిక్రూట్). ఎయిర్ ఫోర్స్‌లో అగ్నివీర్ వాయుకి ఇంటర్ ఉండాలి, ఇంగ్లిష్‌లో విడిగా 50 శాతం రావాలి. ఎయిర్ ఫోర్స్ అంటే ఎంపీసీ వాళ్లకే అనుకుంటారు గానీ, సైన్స్ కాని విభాగంలో సీఈసీ, బైపీసీ చదివినవాళ్లూ రాసుకోవచ్చు.

ఆఫీసర్ దారిలో తలుపులు చాలా ఉన్నాయి. ఇంటర్ మీద యూపీఎస్సీ ఏటా రెండుసార్లు పెట్టే ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష, డిగ్రీ మీద సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్), ఎయిర్ ఫోర్స్ సొంతంగా పెట్టే ఏఎఫ్‌క్యాట్, జేఈఈ మెయిన్ రాసిన ఎంపీసీ వాళ్లకి ఆర్మీలో టెక్నికల్ ఎంట్రీ, నేవీలో బీటెక్ ఎంట్రీ. ఏ తలుపు తట్టినా మధ్యలో ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ తప్పదు. అక్కడ చూసేవి 15 లక్షణాలు, అవి మూడు దళాలకీ ఒకటే. అందుకే "నేవీ ఎస్ఎస్‌బీకి వేరే ప్రిపరేషన్, ఆర్మీకి వేరే" అని చెప్పి ఫీజులు గుంజేవాళ్ల మాటలకి పెద్దగా పునాది లేదు.

రెండు దారుల మధ్య తేడా జీతంలోనే కాదు. ఆఫీసర్‌గా వెళ్తే మొదలయ్యే మూల వేతనం 56,100 రూపాయలు, దాని మీద నెలకి 15,500 మిలిటరీ సర్వీస్ పే, ఆపైన డీఏ, మిగతా అలవెన్సులు. అకాడమీలో చివరి దశ శిక్షణలో ఉన్నప్పుడే స్టైపెండ్‌గా 56,100 ఇస్తారు. అయితే షార్ట్ సర్వీస్ కమిషన్ కింద వెళ్లిన ఆఫీసర్లకి కూడా గడువు ఉంటుంది, 10 ఏళ్లు, పొడిగిస్తే 14. పెన్షన్‌కి ఆఫీసర్‌కి 20 ఏళ్ల సర్వీసు కావాలి కాబట్టి, పర్మనెంట్ కమిషన్ రాకపోతే వాళ్లూ పెన్షన్ లేకుండానే బయటికొస్తారు. గడువు ఉద్యోగం అనగానే అగ్నివీర్ ఒక్కటే గుర్తొస్తుంది గానీ, ఇది ఎప్పటినుంచో ఉన్నదే.

అగ్నివీర్ డబ్బు లెక్క, కాగితం మీద వేసి చూస్తే

ఈ లెక్క మూడు దళాల్లోనూ ఒకటే, కాబట్టి ఒక్కసారి వేస్తే చాలు. నెల ప్యాకేజీ మొదటి ఏడాది 30,000, రెండో ఏడాది 33,000, మూడో ఏడాది 36,500, నాలుగో ఏడాది 40,000. ఇందులో 30 శాతం సేవా నిధి అనే పొదుపు నిధికి కోసుకుంటారు. అంటే చేతికి వచ్చేది వరుసగా 21,000, 23,100, 25,550, 28,000.

కోత ఎంతవుతుందో చూద్దాం. నెలకి 9,000 చొప్పున మొదటి ఏడాది 1,08,000. 9,900 చొప్పున రెండో ఏడాది 1,18,800. 10,950 చొప్పున మూడో ఏడాది 1,31,400. 12,000 చొప్పున నాలుగో ఏడాది 1,44,000. మొత్తం 5,02,200. ప్రభుత్వం ఇంతే డబ్బు తన వైపు నుంచి వేస్తుంది, వడ్డీ కలిపి బయటికి వచ్చేటప్పుడు సుమారు 11.71 లక్షలు ఇస్తామన్నది పథకంలో చెప్పిన మాట. దానిమీద పన్ను లేదు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. చేతికొచ్చే జీతం నాలుగేళ్లకీ కూడితే 11,71,800 అవుతుంది. అంటే నెలనెలా చేతికొచ్చిందంతా కలిపితే ఎంతో, చివర్లో వచ్చేదీ దాదాపు అంతే. వాడుక భాషలో చెప్పాలంటే సగం జీతం ఇప్పుడిచ్చి సగం దాచిపెట్టి ఇస్తున్నట్టు. దీన్ని ఇంట్లోవాళ్లు చూసే పద్ధతిని బట్టి అభిప్రాయం మారిపోతుంది. 22 ఏళ్లకి చేతిలో 11 లక్షలు అంటే ఒక షాపు పెట్టుకోవచ్చు, చదువుకోవచ్చు అనుకునేవాళ్లు ఉన్నారు. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడి క్యాంటీన్ కార్డూ లేదు, 22 ఏళ్లకి మళ్లీ మొదటికొచ్చాడు అనుకునేవాళ్లూ ఉన్నారు. రెండు మాటలూ అబద్ధం కాదు.

ప్రాణం పోతే ఏమిటన్న ప్రశ్న ఎవరూ పైకి అడగరు గానీ తల్లిదండ్రుల మనసులో ఉండేది అదే. అగ్నివీర్ నయా పైసా కట్టక్కర్లేకుండా 48 లక్షల బీమా ఉంటుంది. విధి నిర్వహణ కారణంగా చనిపోతే 44 లక్షల ఎక్స్‌గ్రేషియా అదనం. రెగ్యులర్ జవాను కుటుంబానికి జీవితాంతం వచ్చే కుటుంబ పెన్షన్ మాత్రం వీళ్లకి లేదు, విమర్శకులు ఎక్కువగా పట్టుకునేది ఈ తేడానే.

25 శాతం మీద వాదన ఏమిటి

నాలుగేళ్లయ్యాక ప్రతి బ్యాచ్‌లో 25 శాతం వరకు రెగ్యులర్ చేస్తారు, వాళ్లు ఇంకో 15 ఏళ్లు కనీసం పనిచేస్తారు. మిగతావాళ్లు వెనక్కి వస్తారు.

సమర్థించేవాళ్లు చెప్పేది ఇది: సైన్యం సగటు వయసు 32 చుట్టూ ఉంది, కొండల్లో యుద్ధానికి అది ఎక్కువ, ఈ పద్ధతితో 26 దాకా దిగుతుంది. జీతాలు పెన్షన్లకే పోయే డబ్బులో కొంత ఆయుధాల మీద పెట్టొచ్చు. వ్యతిరేకించేవాళ్లు చెప్పేది: నాలుగేళ్లలో దాదాపు ఏడు నెలలు శిక్షణకే పోతాయి, సెలవులు తీసేస్తే యూనిట్‌లో పని నేర్చుకునే కాలమే తక్కువ. నలుగురిలో ఒకడికే కొనసాగింపు అంటే ఒకే బ్యారక్‌లో పడుకునేవాళ్లు ఒకరికొకరు పోటీదారులవుతారు, సైన్యం నడిచేదే ఆ స్నేహం మీద కదా అని. నేవీ, ఎయిర్ ఫోర్స్‌లలో ఈ వాదన ఇంకోలా ఉంటుంది. సాంకేతిక పని చేతికి పట్టుబడడానికే రెండు మూడేళ్లు పడుతుంది, అది వచ్చేసరికి మనిషి వెళ్లిపోతాడు అంటారు.

2022 జూన్ 17న అగ్నిపథ్‌కి వ్యతిరేకంగా సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో జరిగిన విధ్వంసం, కాల్పుల్లో ఒక యువకుడి మరణం ఈ వాదన మన దగ్గర మిగిల్చిన గాయం. కోర్టుల వరకు చూస్తే ఢిల్లీ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో పథకం చెల్లుతుందని తీర్పు ఇచ్చింది, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యానికి నిరాకరించింది. చట్టపరంగా చెల్లుతుందా అన్నది తేలింది. మంచిదా కాదా అన్నది మొదటి బ్యాచ్‌లు బయటికి వచ్చి ఏ పనుల్లో కుదురుకుంటాయో చూస్తే తప్ప తేలదు. కేంద్ర బలగాల్లో 10 శాతం రిజర్వేషన్ 2022లో ప్రకటించారు, ఇగ్నో డిగ్రీలో సైన్యంలో నేర్చుకున్న పనికి సగం క్రెడిట్లు ఇస్తున్నారు. అవి ఎంతవరకు పనికొస్తాయన్నది కూడా అప్పుడే తెలుస్తుంది.

రోజు ఎలా గడుస్తుందో తేల్చేది యూనిఫాం కాదు, పని

నాకు ఈ మొత్తంలో ఆసక్తిగా అనిపించేది ఈ భాగం, దీన్ని గురించే అందరూ తక్కువ మాట్లాడతారు.

ఆర్మీలో దాదాపు 12 లక్షల మంది ఉంటారు. అంతమందీ తుపాకీ పట్టుకుని సరిహద్దులో నిలబడరు. ఇన్‌ఫాంట్రీ (కాలిబలం), ట్యాంకుల దళం లాంటివి నేరుగా పోరాడతాయి. ఆర్టిలరీ (ఫిరంగి దళం), ఇంజనీర్లు, సిగ్నల్స్ వాళ్లకి తోడుంటాయి. సరుకు చేరవేసే ఏఎస్‌సీ, వాహనాలు ఆయుధాలు బాగుచేసే ఈఎంఈ, గోదాములు చూసుకునే ఏఓసీ, వైద్యం చూసే ఏఎంసీ వెనక నుంచి నడిపిస్తాయి. సికింద్రాబాద్‌లో ఉన్న ఈఎంఈ సెంటర్‌లో శిక్షణ పొంది ట్రక్కు ఇంజన్లు విప్పి బిగించే జవాను రోజూ చేసే పని, ఎయిర్ ఫోర్స్ స్టేషన్‌లో టెక్నికల్ ట్రేడ్ కుర్రాడు చేసే పనికి దగ్గరగా ఉంటుంది. అదే ఈఎంఈ జవానుకీ, సియాచిన్‌లో పోస్టు కాసే ఇన్‌ఫాంట్రీ జవానుకీ యూనిఫాం ఒకటే, రోజు మాత్రం పూర్తిగా వేరు. సియాచిన్ అలవెన్స్ చూస్తేనే ఆ తేడా ఎంతో తెలుస్తుంది, 2017లో ఏడో వేతన సంఘం తర్వాత ఆఫీసర్‌కి నెలకి 42,500, జవానుకి 30,000 అని పెట్టారు. జీతం మీద అదనంగా అంత ఇస్తున్నారంటే అక్కడి బతుకు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ప్రమాదం ఎవరి మీద పడుతుందన్నది కూడా మూడు దళాల్లో మూడు రకాలు. ఆర్మీ ఇన్‌ఫాంట్రీలో ఆఫీసరూ జవానూ ఒకే బాటలో నడుస్తారు. ఎయిర్ ఫోర్స్‌లో శత్రువు మీదికి విమానం తీసుకెళ్లే పైలట్ ఆఫీసరే, జవాను స్థాయి వాళ్లలో ఎక్కువమంది నేల మీదే ఉండి ఆ విమానాన్ని ఎగరడానికి సిద్ధం చేస్తారు. ఎయిర్ ఫోర్స్‌లో చేరితే విమానం నడపొచ్చని అగ్నివీర్ వాయుకి అప్లై చేసే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు, ఇది ముందే తెలిస్తే వాళ్లకి మేలు. నేవీది వేరే కథ. ఓడ ఒకటే, అది ముందుకెళితే కెప్టెన్ నుంచి వంటవాడి దాకా అందరూ ముందుకెళ్లినట్టే, దెబ్బ తగిలితే అందరికీ తగిలినట్టే.

కుటుంబం సంగతి చూస్తే, ఆర్మీలో ఫీల్డ్ పోస్టింగ్, పీస్ పోస్టింగ్ అని మారుతూ ఉంటాయి. ఫీల్డ్‌లో ఉన్నన్నాళ్లు భార్యాపిల్లలు ఎక్కడో ఉండాలి, పీస్ స్టేషన్‌కి వస్తే కలిసి ఉండొచ్చు. నేవీ వాళ్లకి విశాఖ, ముంబై, కొచ్చి, కార్వార్ లాంటి కొద్ది చోట్లే పోస్టింగులు ఎక్కువ, ఇల్లు ఒకచోట కుదురుగా ఉంటుంది గానీ ఇంటాయన మాత్రం నెలల తరబడి సముద్రంలో ఉండొచ్చు. సబ్‌మెరైన్‌లో అయితే లోపలికి వెళ్లాక ఫోను మాట కూడా ఉండదు, అందుకే ఆ విభాగానికి ఇష్టపడి ముందుకొచ్చినవాళ్లనే తీసుకుంటారు. దానికి శిక్షణ ఇచ్చే ఐఎన్ఎస్ శాతవాహన విశాఖలోనే ఉంది. ఎయిర్ ఫోర్స్ స్టేషన్లు చాలావరకు ఊళ్లకి దగ్గర్లో ఉంటాయి, స్కూలూ ఆసుపత్రీ అందుబాటులో ఉంటాయి, అందుకే "ఫ్యామిలీకి ఎయిర్ ఫోర్స్ బెస్ట్" అనే మాట పుట్టింది. ఇది రెగ్యులర్ వాళ్ల విషయంలో నిజమే. అగ్నివీర్‌కి ఆ నాలుగేళ్లూ పెళ్లే ఉండదు, ఏడాదికి సెలవులు 30 రోజులు, కాబట్టి వాళ్లకి ఈ పోలికతో పనిలేదు.

మరి ఈ పనిని ఎంచుకునే హక్కు ఎవరిది? ఇక్కడే అసలు మెలిక. ఆర్మీ జనరల్ డ్యూటీలో ఏ రెజిమెంట్‌కి పంపాలో ఆర్మీయే ఖాళీలని బట్టి చూసుకుంటుంది. ఒకడు వెల్లింగ్టన్‌లో మద్రాస్ రెజిమెంట్ సెంటర్‌కి వెళ్లొచ్చు, పక్కింటి కుర్రాడు హైదరాబాద్ ఆర్టిలరీ సెంటర్‌కో, బెంగళూరులో ఇంజనీర్ల కేంద్రమైన ఎంఈజీకో వెళ్లొచ్చు. టెక్నికల్‌కో క్లర్క్‌కో అర్హత ఉండి కూడా "ఏదో ఒకటి" అని జనరల్ డ్యూటీకి పెట్టుకున్నవాళ్లు, తమకున్న కాస్త ఎంపికనీ వదులుకున్నట్టే.

ఎత్తు, పరుగు, మార్కులు: మూడు ఉదాహరణలు

ఎంపిక అనే మాట చాలాసార్లు ఒంటి కొలతల దగ్గరే ఆగిపోతుంది.

163 సెంటీమీటర్ల ఎత్తు, ఎంపీసీలో 65 శాతం ఉన్న కుర్రాడిని తీసుకోండి. దక్షిణాది అభ్యర్థులకి ఆర్మీ జనరల్ డ్యూటీ ఎత్తు 166, కాబట్టి అది పోయింది. క్లర్క్‌కి 162 చాలు, అది ఉంది. నేవీకి 157, ఎయిర్ ఫోర్స్‌కి 152, రెండూ ఉన్నాయి. పరుగు లెక్క కూడా వేరు. 1.6 కిలోమీటర్లు ఆర్మీ జనరల్ డ్యూటీలో 5 నిమిషాల 30 సెకన్లలో అయిపోతే 60కి 60 మార్కులు, ఆలస్యమైతే తగ్గుతాయి, అంటే అక్కడ కాళ్లకి మార్కులున్నాయి. నేవీలో అదే దూరం 6 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేస్తే పాస్, అంతే. ఈ కుర్రాడికి గ్రౌండ్ మీద కంటే పుస్తకం మీద పట్టు ఎక్కువైతే దారి తనంతట తానే నేవీ, ఎయిర్ ఫోర్స్ వైపు తిరుగుతుంది. ఆర్మీలోనూ 2023 నుంచి రాత పరీక్ష ముందుకొచ్చింది, ర్యాలీ (పరుగు, ఒంటి కొలతల పరీక్షలు) తర్వాత. ఎన్నేళ్లుగానో "ముందు గ్రౌండ్, తర్వాత చూద్దాం" అనుకుంటూ పరిగెత్తినవాళ్లకి ఇది పెద్ద కుదుపు.

రెండో ఉదాహరణ, బైపీసీ చదివి ఎన్డీఏ మీద మనసు పెట్టుకున్న అబ్బాయి. ఎన్డీఏలో ఆర్మీకి ఏ గ్రూపైనా ఫర్వాలేదు, నేవీ, ఎయిర్ ఫోర్స్‌లకి ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ఉండాలి. కాబట్టి ఇతనికి ఉన్నది ఆర్మీ ఒక్కటే. పైగా రాత పరీక్ష 900 మార్కుల్లో 300 మ్యాథ్స్‌వే, ఆ గ్రూపు చదవలేదని ఎవరూ మినహాయింపు ఇవ్వరు. డిగ్రీ చేసి సీడీఎస్‌లో చెన్నై ఓటీఏకి (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ) రాస్తే ఆ మ్యాథ్స్ పేపరే ఉండదు. మూడేళ్లు ఆలస్యం అవుతుంది, దారి మాత్రం సులువవుతుంది.

మూడోది బీకాం చివరి ఏడాది అమ్మాయి, ఇంటర్ సీఈసీ. ఫ్లయింగ్‌కి ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి కాబట్టి పైలట్ ఆశ లేదు. ఏఎఫ్‌క్యాట్‌లో గ్రౌండ్ డ్యూటీ అకౌంట్స్‌కి బీకాం సరిగ్గా సరిపోతుంది, సీడీఎస్‌లో ఓటీఏ ఉంది. నేవీలో చాలా శాఖలు బీటెక్ అడుగుతాయి, కాబట్టి అటు దారి ఇరుకు. చూస్తే ఈమె విషయంలో దళాన్ని ఎంచుకున్నది ఇంటర్లో తీసుకున్న గ్రూపే, అప్పటికి ఆమెకి పదహారేళ్లు.

అమ్మాయిలకి ఏది తెరిచి ఉంది

జవాను స్థాయిలో తేడా చాలా ఎక్కువ. ఆర్మీలో అమ్మాయిలని అగ్నివీర్‌గా మిలిటరీ పోలీస్ విభాగంలోకే తీసుకుంటారు. నేవీ మొదటి అగ్నివీర్ బ్యాచ్ నుంచే అమ్మాయిలని తీసుకుంది, 2023 మార్చిలో నేవీ శిక్షణ కేంద్రం ఐఎన్ఎస్ చిల్కా నుంచి బయటికొచ్చిన ఆ బ్యాచ్‌లో వాళ్లూ ఉన్నారు. ఎయిర్ ఫోర్స్ కూడా ఆ తర్వాత మొదలుపెట్టింది.

ఆఫీసర్ల వైపు చూస్తే, 2016 జూన్‌లో ఎయిర్ ఫోర్స్ దుండిగల్ అకాడమీ నుంచే మన దేశపు మొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు వచ్చారు. పర్మనెంట్ కమిషన్ మీద 2020లో, ఎన్డీఏ ప్రవేశం మీద 2021లో సుప్రీంకోర్టు అమ్మాయిల వైపు జోక్యం చేసుకుంది. 2025 మే 30న ఎన్డీఏ నుంచి మొదటిసారి 17 మంది అమ్మాయిలు పాసవుట్ అయ్యారు. ఆర్టిలరీ 2023లో తెరుచుకుంది. ఇన్‌ఫాంట్రీ, ట్యాంకుల దళం మాత్రం అమ్మాయిలకి ఇంకా మూసే ఉన్నాయి.

పైలట్ అవ్వాలనుకునేవాళ్ల దగ్గరా లెక్క అదే

దళం కంటే పని ముఖ్యమని ఇంతసేపూ చెప్పాను, ఇక్కడ ఆ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది. విమానం నడపడం ఎయిర్ ఫోర్స్ సొత్తు కాదు, నేవీకి సొంత విమానాలూ హెలికాప్టర్లూ ఉన్నాయి, ఆర్మీకి ఏవియేషన్ కోర్ ఉంది. అయితే ఎక్కడికెళ్లినా ఒంటి కొలతలు కాక్‌పిట్‌తో ముడిపడి ఉంటాయి, మామూలు ఎత్తుతో పాటు కూర్చున్నప్పటి ఎత్తు, కాలి పొడవు, తొడ పొడవు విడిగా కొలుస్తారు. ఎగిరేటప్పుడు పెడల్స్ అందాలి, అవసరమైతే సీటుతో సహా బయటికి దూకేటప్పుడు మోకాళ్లు దేనికీ తగలకూడదు, కారణం అది.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది సీపీఎస్ఎస్ అనే కంప్యూటర్ పరీక్ష. పైలట్ కాగల చేతి, కంటి సమన్వయం ఉందా లేదా అని చూస్తుంది. జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. ఎన్డీఏ ద్వారా 18 ఏళ్లకి రాసి తప్పితే, డిగ్రీ అయ్యాక ఏఎఫ్‌క్యాట్‌తో వెళ్లినా ఆ తలుపు తెరుచుకోదు. దీన్ని బట్టి కొందరు కావాలనే ఎన్డీఏ దశలో ఎయిర్ ఫోర్స్ పెట్టకుండా ఆగుతారు, ఇంకొందరు ఆ వయసులోనే చురుకుదనం ఎక్కువని రాసేస్తారు. రెండు వైపులా తర్కం ఉంది.

ఫారంలో ఒకటి, రెండు, మూడు

ఎన్డీఏ ఫారంలో ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్‌లకి ఇష్టం ప్రకారం అంకెలు వేయమంటారు. ఆ అంకె వెనక సీట్ల సంఖ్య ఉంటుంది. చాలా నోటిఫికేషన్లలో ఎన్డీఏలో ఆర్మీకి 208, నేవీకి 42, ఎయిర్ ఫోర్స్‌కి 120 ఉండేవి, ఆ 120లో ఫ్లయింగ్‌కి 92. మెరిట్ లిస్ట్ ఒకటే, పైనుంచి ఒక్కొక్కరి ఇష్టం చూస్తూ సీట్లు నింపుకుంటూ వస్తారు. నేవీ మొదట రాసి ఆర్మీ రెండోది రాసిన అభ్యర్థికి, 42 నిండిపోయాక కూడా ఆర్మీలో చోటు దొరకొచ్చు. నేవీ ఒక్కటే రాసి మిగతావి ఖాళీగా వదిలేసినవాడు అదే మార్కులతో బయట ఉండిపోవచ్చు. ఇష్టం లేని దళాన్ని రాయాలా వద్దా అని పిల్లలు అడుగుతారు. వస్తే వెళ్తానా అని తనని తాను అడిగి, వెళ్లనంటే రాయకపోవడమే మేలు, వెళ్తానంటే ఖాళీ వదలడంలో అర్థం లేదు.

ర్యాంకుల పేర్లు చూసి పోల్చుకునేవాళ్లకి ఒక చిన్న మాట: ఆర్మీలో కెప్టెన్ అంటే కుర్ర ఆఫీసర్, నేవీలో కెప్టెన్ అంటే ఆర్మీ కల్నల్‌తో సమానం. పెళ్లిచూపుల్లో ఇది తెలియక జరిగిన గందరగోళాలు చాలానే ఉన్నాయని వింటూ ఉంటాం.

ఆర్మీ వచ్చినవాళ్లు ఖడక్‌వాస్లా ఎన్డీఏలో మూడేళ్లు, డెహ్రాడూన్ అకాడమీలో ఒక ఏడాది శిక్షణ పూర్తి చేస్తారు. కమిషన్ రావడానికి ముందు అక్కడ మళ్లీ ఇష్టం రాయమని అడుగుతారు. ఇన్‌ఫాంట్రీయా, సిగ్నల్సా, ఇంజనీర్సా, ఏఎస్‌సీయా. మెరిట్, ఖాళీలు, ఇష్టం మూడూ చూసి కేటాయిస్తారు. అప్పటికి అందరి ఒంటి మీదా ఒకే రంగు యూనిఫాం ఉంటుంది.